పొయ్యి మీద పాలు

వరసగా మూడో వ్యాసం కూడా తిరిగొచ్చింది.

వ్యాసకర్త కవరు చించి, లోపలున్న కొత్త ఎడిటర్ చీటీ పైకి చదివాడు.

"'మీ ఆవిడ మళ్ళీ పాలు మాడ్చింది. పదిహేనేళ్లుగా అవే పాలు. ఇంకొక్కటి రాసి చూడండి. అదీ ఇంతే అయితే శీర్షిక ఆపేద్దాం.' విన్నావా? కుర్చీ ఎక్కగానే కొమ్ములొచ్చేశాయి!"

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన భార్య చెప్పులు విప్పి, సంచీ మేకుకి తగిలించింది.

"విన్నాను," అంది.

వారం వారం వచ్చే 'మా ఆవిడ' శీర్షికే ఆయన ప్రాణం. అందులో ఆవిడ పాలు మాడుస్తుంది, తాళాలు పారేస్తుంది, కూరలో రెండుసార్లు ఉప్పేస్తుంది. పాఠకులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. బస్సులో గుర్తుపట్టి, "ఆవిడతో ఎలా వేగుతున్నారు సార్?" అని జాలిపడేవారు. శీర్షిక పోతే ఆయన ఉత్త మొగుడు.

"ఆ ఎడిటర్‌కి సంసారమంటే ఏం తెలుసు?" అన్నాడు.

"తెలియదేమో, పాపం."

"నువ్వయినా ఓ మాట చెప్పరాదూ?"

"నేను చెబితే వినే మనిషి కాదండీ."

"పోనీ, ఈసారి వ్యాసం నువ్వే పట్టుకెళ్లు. స్టాంపయినా మిగులుతుంది."

"అందరిలాగే పోస్టులో పంపండి. అదేంటి, ఏదో వాసన?"

"అయ్యో, పాలు!"

సాయంత్రం పొయ్యి మీద పెట్టి, చీటీ ధ్యాసలో మరిచిపోయాడు. ఆమె పరుగున వెళ్లి గిన్నె దించింది. అడుగంతా నల్లగా అయిపోయింది.

"మాడ్చిందెవరో ఈసారి ఉన్నదున్నట్టు రాయండి," అని గిన్నె ఆయన చేతిలో పెట్టింది, తోమమని.

ఆయన మూతి ముడుచుకుని తోమాడు. తోముతూ తోముతూ ఒకచోట ఆగి, తనలో తనే నవ్వుకున్నాడు.

మర్నాడు కూర్చుని రాసేశాడు. చదివి వినిపించబోతే ఆమె చెవులు మూసుకుంది.

"నాకిప్పుడే వద్దు బాబూ!"

తనే వెళ్లి పోస్టు డబ్బాలో వేసొచ్చాడు.

వారం తిరక్కుండానే, పత్రికాఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ, ఎడిటర్ గదిలోంచి పెద్ద నవ్వు వినిపించింది. సబ్ ఎడిటర్ తలుపు తోసి తొంగిచూశాడు.

"బాగుందాండీ?"

"ఈ సంచికలోనే వెయ్యి," అంటూ, పొద్దున మొగుడు కట్టిచ్చిన డబ్బా మూత తీసి, గుప్పుమన్న మాడు వాసనకి ఎడిటర్ కుర్చీలోంచి 'మా ఆవిడ' లేచి కిటికీ తెరిచింది.