నాన్న ఉన్న గది

“ఈ ఇంట్లో మగపిల్లలకి గది ఇచ్చిందే లేదు. మీ నాన్న నీ దగ్గర కోతలు కోశాడమ్మాయ్!” అంది ఇంటావిడ వీగాండమ్మ, గుమ్మంలోంచి అంగుళం కదలకుండా.

సునీవా వీపు మీద సంచీ ఇంకా దించనేలేదు. నార్వేలోని బెర్గెన్ నుంచి ఒక ఓడ, మూడు రైళ్ళు మారి, జర్మనీలోని మార్‌బుర్గ్ పాత ఊరి మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ వచ్చింది. నమస్కారం చెప్పి, “మా నాన్న కూడా చదువుకునే రోజుల్లో మీ పైగదిలోనే ఉన్నాడు” అని సంబరంగా అంది. అంతే, అక్కడే పట్టుకుంది ఆవిడ.

“మా నాన్న పేరు ఐనార్. తొంభై ఆరులో, చలికాలం సెమిస్టర్. మీరు మరిచిపోయుంటారు.”

“నేనా మరిచిపోయేది? ‘ఆడపిల్లలకే ఇవ్వు, గది గదిలా ఉంటుంది’ అని మా అత్తగారు పోతూ పోతూ చెప్పింది. ముప్పై అయిదేళ్ళుగా ఆవిడ మాట దాటలేదు నేను.”

“లోపల మెట్లలో పదమూడోది కిర్రుమంటుంది. అవునా కాదా?”

వీగాండమ్మ తల తిప్పి మెట్ల వైపు చూసింది.

“పైగది కిటికీ గడియ ఊరికే రాదు. కిందనుంచి పిడికిలితో ఒక్కటి పొడవాలి. తెరిస్తే ఎదురుగా పియర్ చెట్టు. గురువారం మీరు పప్పు సూప్ కాస్తారు. శనివారం ప్లమ్ పళ్ళ కేకు ముక్క మీద తువ్వాలు కప్పి గది బయట పెట్టి, తలుపు కొట్టకుండా దిగి వెళ్ళిపోతారు.”

“ఓరి దేవుడో!” ఆవిడ తలుపు వదిలేసి గోడ పట్టుకుంది. “ఆ కేకు సంగతి మా ఆయనక్కూడా తెలీదు! అంటే ఆ కుర్రాడు పైకి వచ్చాడన్నమాట. నా కళ్ళుగప్పి ఏ పిల్ల రానిచ్చిందో! పదమూడో మెట్టు మీద కాలు పెట్టకుండా గెంతి ఎక్కుంటాడు, దొంగ వెధవ!”

“మా నాన్నని అలా అనకండి,” అంది సునీవా. కానీ అదే అనుమానం ఆమెకీ తగిలింది.

నిజానికి ఆమె ఒక సెమిస్టర్ చదువుకి పోర్చుగల్‌లోని లిస్బన్ వెళ్దామనుకుంది, ఎండ కోసం. నాన్న ఏడాది పాటు భోజనాల బల్ల దగ్గర ఒకటే పోరు. “ఎండదేముందే, ఎక్కడైనా కాస్తుంది. మార్‌బుర్గ్ వెళ్ళు. పదిమంది కూర్చునే క్లాసులో ప్రొఫెసర్ మాటకి ఎదురు చెప్పడం నేర్చుకుంటావు. తప్పులతడక భాష మాట్లాడి మాట్లాడి సిగ్గు వదిలిపోతుంది. ఆదివారం ఊళ్ళో అంగళ్ళన్నీ మూసేస్తారు, అప్పుడు నీతో నువ్వు కూర్చోక తప్పదు. ఒక్క సెమిస్టర్ చాలు, వేరే మనిషివై వస్తావు.”

అలా చెబుతున్నప్పుడు చేప ముక్క ఫోర్కుకే ఉండిపోయేది. చూపు కిటికీ దాటి ఎటో పోయేది. ఆ చూపుకి కరిగిపోయి, లిస్బన్ దరఖాస్తు కాగితాలు చించి పారేసింది. ఇంతా చేస్తే అదంతా ఎవతో పిల్ల కోసమా?

“నేను వెనక్కి వెళ్ళిపోతాను,” అంది సునీవా.

“వెళ్దువుగానిలే. ముందు మీ నాన్నకి ఫోన్ చెయ్యి. ఆ పిల్ల పేరేమిటో నాకూ తెలియాలి!”

సునీవా గుమ్మం ముందే నిలబడి ఫోన్ చేసింది. అవతల రేవులో పడవ కూత, సముద్రపు పక్షుల అరుపులు.

“చేరావా తల్లీ? పియర్ చెట్టు ఉందా ఇంకా?”

“చెట్టు సంగతి తర్వాత. ఇక్కడ మగవాళ్ళకి గదే ఇవ్వరట. నువ్వు ఈ ఇంట్లో లేనే లేవు, అవునా?”



“లేను.”

“మరి? దొంగచాటుగా వచ్చి పోయేవాడివా?”

“అసలు జర్మనీలోనే అడుగు పెట్టలేదమ్మా.”

“అబద్ధం! ఆ మెట్టు ఎలా తెలుసు? ఆ కేకు, ఆ గడియ?”

“ఉత్తరాల్లో వచ్చేవి. వారానికి రెండు.”

“ఎవరు రాసేవాళ్ళు? ఎవరామె?” సునీవా కేకకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

“మీ అమ్మ.”

సునీవా వీపు మీది సంచీ దించి గడప మీద కూర్చుంది. ఆమెకి రెండేళ్ళప్పుడు అమ్మ పోయింది. ఆనాటి నుంచి ఈనాటి దాకా నాన్న నోటి వెంట ఆ మాట వినలేదు. అడిగితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. అడగడం ఎప్పుడో మానేసింది.

“ఏమంటున్నాడు? పేరు చెప్పాడా?” నార్వే భాష అర్థంకాని వీగాండమ్మ వంగి, గుసగుసగా అడిగింది.

సునీవా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఫోన్‌లోకి మెల్లగా అడిగింది.

“మరి ఇన్నాళ్ళూ అవన్నీ నీ కథల్లా చెప్పావేం నాన్నా?”

“ఆమె గురించి నీకు చెప్పకుండా ఉండలేకపోయాను తల్లీ. పేరెత్తితే అక్కడితో మాట ఆగిపోయేది. అందుకే ఆమె పేరు రావాల్సిన ప్రతిచోటా ‘నేను’ అన్నాను.”