విడిచిన బట్టలు

"ఉతికిన చొక్కా తెచ్చి నా మొహాన కొడతావేంటి బావా? విడిచింది కావాలి!" అని అరిచాడు కాపరి.

వంటవాడు నాలుక కరుచుకుని, ఒంటి మీదున్న చొక్కానే విప్పి ఇచ్చాడు. బోనులోని రాకాసి దాన్ని రెండుసార్లు మూచూసి మొహం తిప్పుకుంది. వంటవాడికి ప్రాణం లేచొచ్చింది.

గ్రహాంతరవాసులు కట్టిన నౌక అది. ఫిరంగులు పెట్టుకోకుండా ఈ రాకాసిని పెంచుకున్నారు మహానుభావులు. నౌక కొన్న మనవాళ్ళకు ఇదీ అంటగట్టారు. తనకు వాసన తెలిసినవాళ్ళ జోలికి పోదు. తెలియనివాళ్ళను ఒక్కరినీ మిగల్చదు. ఆ పని పూర్తయ్యేదాకా రోజూ మేపే కాపరి పిలిచినా ఆగదు. అందుకే వదిలే ముందు అందరి విడిచిన బట్టలూ దాని ముక్కు దగ్గర పెట్టాలి.

దొంగలు అప్పటికే కింది తలుపు కోస్తున్నారు.

"ఇంకెవరు మిగిలారు?" అని గొంతు చించుకున్నాడు కెప్టెన్.

"మా ఆవిడ!"

కాపరి డాక్టరు గదికి పరుగెత్తాడు. నెలలు నిండిన భార్యను పొద్దున్నే అక్కడ చేర్చారు. డాక్టరమ్మ తలుపు ఓరగా తీసి, చెమటకు తడిసిన దిండు గలీబు అతని చేతిలో పెట్టింది.

"ఎలా ఉంది డాక్టరమ్మా?"

"కంగారేం లేదు, రేపటిదాకా పడుతుంది. ముందు ఆ పని చూడవయ్యా!"

"సరిగ్గా చూపించు! పరధ్యానంలో నన్ను దాని నోట్లో పెట్టేవు!" అని లోపలినుంచి కసిరింది భార్య.

అతను ఒకసారి కాదు, మూడుసార్లు చూపించాడు. ఆ తర్వాతే బోను తలుపు ఎత్తాడు.

కింద అరుపులు రేగాయి. కాసేపటికి అన్నీ ఆగిపోయాయి. మనవాళ్ళలో ఎవరికీ చిన్న గీత కూడా పడలేదని కెప్టెన్ కాపరిని వాటేసుకున్నాడు. కాపరి ఏడుస్తూనే నవ్వాడు.

రాకాసి పైకి వచ్చింది. బోనులోకి మాత్రం వెళ్ళలేదు. గాలి ఎగబీలుస్తూ డాక్టరు గది వైపు మళ్ళింది.

"అదేంటయ్యా, అటు పోతోంది? డాక్టరమ్మది చూపించావా?"

"అందరికంటే ముందే!"

"మరి మీ ఆవిడది?"

"మూడుసార్లు చూపించానండీ!"

కాపరి దాని వెనకే పరుగెత్తుతూ గొంతు పోయేలా పిలిచాడు. అది ఆగలేదు. మూసి ఉన్న తలుపును భుజంతో కుమ్మింది.

గదిలో పసిబిడ్డ కేర్‌మంది.