అచ్చం అక్కలాగే

"వంచిన తల ఎత్తవేంరా? ముందు ఎదురుగా ఉన్న మనిషిని చూడు!"

బొమ్మల బళ్ళో ఉన్నన్నాళ్ళూ చిన్నోణ్ణి మాస్టారు తిట్టిన తిట్టు ఇదొక్కటే. "కంటిని చీమలా గీత వెంట నడిపించు. చెయ్యి దానంతటదే వెనకాలే వస్తుంది. చేతిని చూశావో, చెడ్డావురా!"

చదువు ముగిసింది. చిన్నోడు మేడ మీద ఓ గది తీసుకుని సొంతంగా పని మొదలుపెట్టాడు. నెల తిరిగినా గుమ్మం తొక్కిన నాథుడు లేడు. చివరికి జాలిపడి వచ్చింది బావే.

"రేపు మీ అక్క పుట్టినరోజురా. దాని మొహం అచ్చుగుద్దినట్టు దింపాలి. చూసి నోరెళ్ళబెట్టాలి."

అక్క ఫొటో చేతిలో పెట్టి, దిండు లాక్కుని బల్ల మీద బోర్లా పడుకున్నాడు. "అయ్యేదాకా లేవను. నువ్వూ నన్ను పలకరించకు."

చిన్నోడు ఫొటోను ఎదురుగా గోడకి అంటించాడు. ఈసారి చస్తే చేతి వైపు చూడకూడదనుకున్నాడు.

కన్ను అక్క నుదుటి మీంచి బయల్దేరింది. కనుబొమ ఎక్కింది, ముక్కు మీంచి జారింది, పెదవి దగ్గర మలుపు తిరిగింది. చెయ్యి వెనకాలే పరిగెత్తింది. ఇన్నాళ్ళకి విద్య పట్టుబడిందని చిన్నోడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచే చూస్తూ జడ కూడా పూర్తిచేశాడు. మధ్యమధ్యలో బావ మూలిగాడు, పళ్ళు నూరాడు. చిన్నోడి చెవికెక్కలేదు.

సాయంత్రం మొగుణ్ణి వెతుక్కుంటూ అక్క వచ్చింది. బొమ్మ చూసి ఆగిపోయింది.

"ఎవర్రా ఈవిడ?"

"నువ్వే!" అన్నాడు బావ, దిండులోంచి తలెత్తకుండానే.

"నేనా? నా ముక్కు చెవి పక్కనుంటుందా? రెండు కళ్ళూ ఒకే చెంప మీదున్నాయేంటి?"

చిన్నోడు అప్పుడు చూశాడు కిందికి. రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

అక్కకి తమ్ముడంటే ప్రాణం. వాడి వాలకం చూసి మెత్తబడింది. "పోనీలేరా, ఇది నమూనాయేగా. చెరిపేసి అసలుది గియ్యి."

"అదే అసలుదక్కా," చిన్నోడు నీళ్ళు నమిలాడు, "పచ్చబొట్టు చెరగదు, కావాలంటే బావ వీపు మీద నడుం దగ్గర ఇంకో బొమ్మకి చోటుంది."