చుట్ల లెక్క

"ఇది బజార్లోకి ఎలా వచ్చిందిరా?" అంటూ మాస్టారు సీడీని తమ్ముడి బల్లమీదకి విసిరాడు. అది రాగి తీగల మధ్య జారుకుంటూ పోయి, సగం చుట్టిన మోటారుకి తగిలి ఆగింది.

తమ్ముడు చేతిలో తీగ వదలకుండానే తొంగి చూశాడు. "ఏం సీడీ అన్నయ్యా?"

"నాదే. మోటారు వైండింగ్ పాఠం. నేను గొంతు పోయేలా కెమెరా ముందు కూర్చుని చెప్పుకున్నది, బస్టాండు పక్క తోపుడుబండి మీద దువ్వెనలతో కలిపి అమ్ముతున్నారు."

"నాకేం తెలుసు? నువ్విచ్చింది నా సొరుగులోనే ఉంది."

"సొరుగులో ఉన్నది సొరుగులోనే ఉంటే, బజార్లో పిల్లల్ని ఎలా పెట్టింది?"

అన్నం క్యారియరు తెచ్చి స్టూలు మీద కూర్చున్న తల్లి గాభరాగా లేచింది. "పెద్దోడా, వాడలాంటివాడు కాదురా."

"నువ్వూరుకో అమ్మా. ఇంట్లోవాళ్లకి ఊరికే ఇవ్వమని ప్రాణం తీసింది నువ్వే."

మాస్టారు ఉత్త అనుమానంతో గుమ్మం దిగే మనిషి కాదు. ఊరికే ఇచ్చినదానికి ఊరికే కాపీలు పుడతాయని ఆయనకి ముందే తెలుసు. అందుకే తమ్ముడికీ, బావమరిదికీ, అల్లుడికీ ఇచ్చిన సీడీల్లో తలా ఒక్క మాట మార్చాడు. అర హార్స్‌పవర్ మోటారుకి లోపలి ఒక్కో గాడికి రాగి తీగ నలభై ఎనిమిది చుట్లు పడాలి. తమ్ముడి సీడీలో నలభై రెండన్నాడు, బావమరిది దాంట్లో నలభై, అల్లుడి దాంట్లో ముప్పై ఎనిమిది. నలభై ఎనిమిది అన్న అసలు సీడీ తన బీరువాలో పెట్టుకున్నాడు. కొట్లో అమ్మేవన్నీ దాన్నుంచే తీస్తాడు. ఏది ఎలాంటిదో ఎవరూ పసిగట్టకుండా నాలుగింటి మీదా ఒక్క అక్షరం రాయలేదు.

కాపీ బయటపడితే అంకె దొంగని పట్టిస్తుంది. అంతేకాదు, చుట్లు తగ్గిన మోటారు ముందు బాగానే తిరిగి, నెల నిండేసరికి కాలిపోతుంది. ఇక చుట్టాలెవరూ తనకి పోటీ రారు. ఒక్క పెట్టుబడికి రెండు లాభాలు.

ఆ పొద్దున బజారు సీడీ పెట్టి చూస్తే, తన గొంతే "నలభై రెండు" అంది.

"నువ్వేనని రుజువుంది" అన్నాడు మాస్టారు.

"ఏంటది? చూపించు."

"చూపిస్తే ఈసారి ఇంకాస్త తెలివిగా చేస్తావు."

తమ్ముడి మొహం పాలిపోయింది. "అన్నయ్యా, షాపు తెరిచి నెలన్నర. నీ పాఠం వినే చుట్టాను, ముప్పై మోటార్లు. ఒక్కటి వెనక్కి రాలేదు తెలుసా? అన్నం పెట్టిన చేతిని కరుస్తానా?"

ఒక్కటి కూడా రాలేదా అని మాస్టారుకి క్షణం సేపు చిరాకేసింది. రేపో మాపో వస్తాయిలే అనుకున్నాడు.

"ఆ చుట్టే మిషను ఎవరిది?"

"నీదే. నువ్వే ఇచ్చావుగా."

"తీసుకెళ్తున్నాను."

"పది మోటార్లు ఒప్పుకున్నాను! కనీసం ఈ ఒక్కటి పూర్తి చెయ్యనీ. సగంలో ఉంది."

"సగంలోనే ఉండనీ. జనానికి నీ బుద్ధి తెలుస్తుంది."

మాస్టారు స్వయంగా బోల్టులు విప్పాడు. తీగ తెగి మోటారు కడుపులోంచి వేలాడింది. తర్వాత బయటికెళ్లి, తలుపు మీద తండ్రి పేరు రాసిన బోర్డు దింపి గోడకి తిప్పి పెట్టాడు. పక్క షాపులవాళ్లు పని ఆపి చూస్తున్నారు. కొంచెం గొంతు పెంచాడు.

"ఇంటి సరుకు దొంగిలించి అమ్మేవాడికి మా నాన్న పేరెందుకు?"

తల్లి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "వాడి పెళ్లాం నెలలు నిండి ఉందిరా. ఆ మిషనొక్కటీ వదిలెయ్యి."

"ఆ సంగతి కాపీ కొట్టేటప్పుడు వాడికి గుర్తుండాలి."

తమ్ముడు సొరుగు లాగి సీడీ తీశాడు. "ఇదిగో నువ్విచ్చింది. ఒక్కసారి పెట్టి చూడు. బజారుదీ ఇదీ పక్కపక్కన పెట్టి విను. నువ్వనే రుజువు ఇందులో కనబడితే నా మొహాన ఉమ్మెయ్యి."

"దొంగ సరుకు తూచడానికి నాకు తీరిక లేదు."

మాస్టారు దాన్ని లాక్కుని రెండు చేతులా వంచాడు. సీడీ ఫెళ్లుమని విరిగింది. ముక్కలు క్యారియరు మూత మీద పడేసి, మిషను ఆటోలోకి ఎత్తించుకుని వెళ్లిపోయాడు.

వారం తిరిగేసరికి తమ్ముడు మార్కెట్లో లారీలకి బస్తాలు ఎత్తుతున్నాడని తల్లి ఏడుస్తూ చెప్పింది.

"నడుం గట్టిదేగా" అన్నాడు మాస్టారు, అమ్మకానికి తీసిన కొత్త సీడీల మీద సంతకాలు పెడుతూ.

అప్పుడే పక్క ఊరి రిపేరు షాపతను మసిబారిన మోటారు మోసుకొచ్చి కౌంటరు మీద దించాడు. కాలిన వార్నిష్ వాసన గదంతా కమ్మింది.

"నెలకే పోయింది మాస్టారూ. మీ పాఠం చూసే చుట్టాను."

"బండి మీద కాపీ కొనుంటారు. నకిలీకి నన్నేం చెయ్యమంటారు?"

"అబ్బే, మీ కొట్లోనే కొన్నాను. అమ్మకం మొదలెట్టిన రోజే. ఇదిగో, మీ సంతకం."

మాస్టారు సంతకం చూశాడు. తనదే. తాపీగా నవ్వాడు. "అయితే మీ చెయ్యే తప్పింది. అర హార్స్‌పవరేగా? గాడికి ఎన్ని చుట్లు వేశారు?"

"మీరు చెప్పినన్నే మాస్టారూ. నలభై రెండు."