వరింగా దాటని రైలు

ఇమొజెన్,

మీ తాత ఆడే రైలు గేము మాటిమాటికీ మూసుకుపోవడానికి పాత కంప్యూటరే కారణమని ఫోనులో తేల్చేశావు. కాదమ్మా, కారణం నేను.

ఆ గేములో ఆయన సొంతంగా కట్టుకున్న రైలుదారిలో బండి సిడ్నీ నుంచి దర్జాగా బయలుదేరుతుంది. కొండెక్కి వరింగా స్టేషన్ కనబడగానే తెర నల్లబడుతుంది. లిత్‌గో చేరిన పాపాన పోలేదు. నువ్వు చెప్పినట్టే, ఆయన పెట్టినవన్నీ ఒక్కొక్కటే తీసి నడిపి చూశాను. గొర్రెలు తీశాను, సిగ్నళ్ళు తీశాను. ఊహూ.

చివరికి ప్లాట్‌ఫారం మీద టీ గది గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషిని తీశాను. బండి లిత్‌గో దాకా జారిపోయింది.

ఆవిడ జుట్టులో ప్రతి వెంట్రుకా, ఏప్రన్ మీద ప్రతి పువ్వూ విడివిడిగా గీశాడు మహానుభావుడు. ఆ బరువు మోయలేక కంప్యూటర్ చతికిలబడుతోంది. ఆ ఏప్రన్, ఆ టీ గది ఒకప్పుడు నావే.

"పీడ విరగడైంది క్లారీ, ఇక హాయిగా లిత్‌గో పో" అన్నాను మీ తాతతో.

"నువ్వు లేని స్టేషన్లో బండి ఆపడమెందుకే? మళ్ళీ పెట్టెయ్" అన్నాడు.

పెట్టేశాను. ఇప్పుడు రోజూ వరింగాలో గేము ఆగగానే లేచి వంటింట్లోకొస్తాడు, టీ కోసం.

డ్రైవరు ఉద్యోగంలోనూ ఆయన ఇంజను ఎప్పుడూ వరింగాలోనే మొరాయించేది. ఇన్నేళ్ళూ నేను ఇంజనునే తిట్టుకున్నాను.

శనివారం వచ్చేటప్పుడు కంప్యూటర్ సామాను కొనకు. పెద్ద డబ్బాడు టీ ఆకు, టీతో తినే స్కోన్ రొట్టెలకు పిండి పట్టుకురా.

మీ నానమ్మ