గుమ్మానికి అలారం

"కదలకుండా పట్టుకోవే, రెండు సెకన్లు!"

అంతోనమ్మ పట్టకారుతో సెన్సర్‌ని బోర్డుకు ఆనించి పట్టుకుంది. లాజరు సోల్డరింగ్ ఐరన్‌ని దాని కాలికి తాకించి, లెడ్డు తీగ అందించాడు. సన్నటి పొగ లేచింది.

"ఏవండీ, పెనుగొలను బస్సు వెళ్ళిపోతుందేమో. అమ్మ అన్నం వండుకుని ఎదురుచూస్తుంటుంది."

వాళ్ళమ్మ పోయి ముప్పై ఏళ్ళు. భార్య మతిమరుపును దిద్దడం లాజరు ఎప్పుడో మానేశాడు.

"సాయంత్రం బస్సుకి పోదాంలే," అన్నాడు.

తిరువూరు బస్టాండు దగ్గర నలభై ఏళ్ళు రేడియోలూ టీవీలూ బాగుచేసిన మనిషికి ఈ అలారం కిట్ ఏపాటి! నాలుగు రెసిస్టర్లు, రెండు ట్రాన్సిస్టర్లు, ఒక సెన్సర్, ఒక బజర్. ఒంట్లో వేడి ఉన్న ప్రాణి ఏది గుమ్మం దాటినా కుయ్యిమంటుంది. ఈస్టర్‌కి ముందే వచ్చిన పార్సిల్‌ని రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ మూలన పడేశాడు. ఆ బద్ధకానికి తనని తాను తిట్టుకోని రోజు లేదు.

పార్సిల్ వచ్చిన వారంలోనే ఒకనాడు తలుపు గడియ పెట్టడం మరిచిపోయాడు. అంతోనమ్మ అమ్మ దగ్గరికని నేరుగా మెయిన్ రోడ్డెక్కింది. లారీ హారన్ విని ఆయన పరుగెత్తుకెళ్ళి ఆమెను పక్కకు నెట్టాడు. దేవుడి దయ, ఆమెకు గీత కూడా పడలేదు.

కూతురు కరుణశ్రీ మాత్రం ఆనాటి నుంచి తండ్రితో మాటలు మానేసింది. రోజూ మధ్యాహ్నం తను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చి తల్లికి ఒక్కదానికే కంచం పెడుతుంది. లాజరు "అమ్మాయ్" అని పిలిచినా తల తిప్పదు. తప్పు తనదే, నిజమే, కానీ కన్నతండ్రి మీద ఇంత కోపమా! తలుచుకుంటే ఆయనకు ఏడుపొచ్చేది.

అలారాన్ని గుమ్మం పక్కన మేకుకు తగిలించి, "ఏదీ, ఒకసారి దాటు," అన్నాడు భార్యతో.

ఆమె దాటింది. చప్పుడు లేదు.

"అయ్యో దేవుడా! మీ పనితనం ఇంతేనా?" అని నవ్వింది అంతోనమ్మ.

భూతద్దం పెట్టి చూశాడు. సెన్సర్ మధ్యకాలి దగ్గర సోల్డర్ మెరుపు లేకుండా బూడిద రంగులో ముద్దకట్టి ఉంది. "డ్రై సోల్డర్. కాలు వేడెక్కకుండానే తొందరపడ్డాను," అని మళ్ళీ ఐరన్ ఆనించాడు. కొస చూపుడువేలికి తగిలింది. చురుక్కుమనలేదు. పని చేసీ చేసీ చేతులు మొద్దుబారిపోయాయనుకున్నాడు.

అలారాన్ని మళ్ళీ మేకుకు తగిలించగానే పక్కింటి పిల్లి లోపలికి దూరింది. అలారం కుయ్యిమంది. పిల్లి బెదిరి పారిపోయింది, మళ్ళీ కుయ్యిమంది. అంతోనమ్మ దాటి చూసింది, మోగింది. లాజరు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

అంతలో కరుణశ్రీ అడుగుపెట్టింది. ఆ మోతకు ఉలిక్కిపడి, బల్ల మీద పొగలు కక్కుతున్న ఐరన్‌ని చూసి గబగబా స్విచ్చి ఆపింది.

"అమ్మా! ఇదెవరు పెట్టారు? చెయ్యి కాల్చుకుంటే? ఏబెల్ బాబాయి వచ్చాడా?"

"బాబాయేంటే? మీ నాన్నే. పొద్దున్నుంచీ కూర్చుని చేశారు."

కరుణశ్రీ పెదవులు బిగబట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లాజరు తల దించుకున్నాడు. తన పేరెత్తితేనే ఇంత మంట!

కంచం పెట్టి, తల్లికి ముద్దలు తినిపించి, కరుణశ్రీ అలారం వైపు చాలాసేపు చూసింది. "ఎవరు చేస్తేనేం, పుణ్యం కట్టుకున్నారు. నువ్వు గుమ్మం దాటితే వీధి వీధంతా వింటుంది. ఇక నాకు భయం లేదమ్మా."

ఆ ఒక్క మాటతో లాజరు గుండెల మీద బరువు దిగిపోయింది. కరుణశ్రీ కంచం తీసుకుని వాకిట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. అలారం మోగింది. మంచి అదను, ఇవాళ ఎలాగైనా కూతురితో మాట్లాడాలి, క్షమించమని అడగాలి.

"అమ్మాయ్, ఒక్క మాట వినవే," అంటూ లాజరు ఆమె వెనకే గుమ్మం దాటాడు.

అలారం కిక్కురుమనలేదు.