పాత మ్యాప్

“ముందుగాల ఆ మ్యాప్ దించున్రి సార్. తర్వాత మాట్లాడుదం.”

తొమ్మిదో తరగతి గుమ్మంలో ప్రహ్లాద్ నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను, ఫోనులో లైవు. బస్తీ సంఘానికి అధ్యక్షుడు, మూడో బెంచీలో కూర్చున్న ప్రణవికి తండ్రి. సోషల్ మాస్టారు వంశీధర్ చేతిలోని సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది.

మ్యాప్ సంగతి నిజమే. పక్క గోడకు మనిషెత్తు పటం వేలాడుతోంది, గుడ్డ మీద అంటించింది, రాష్ట్రం రెండు కాకముందు నాటిది. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా నాంపల్లి సందులోని ఈ సర్కారు బడికి ఆ కబురు ఇంకా అందలేదని చూసినవాళ్లెవరైనా అనుకుంటారు. నిన్న స్కూలు గ్రూపులో ఎవరో పెట్టిన ఫొటోలో ప్రహ్లాద్ కంట పడింది కూడా అదే. కొత్తది కావాలని వంశీధర్ మూడుసార్లు కాగితం పంపాడు. రాలేదు. చివరికి తానే ఆబిడ్స్‌లో చిన్న తెలంగాణ పటం కొనుక్కొచ్చి బోర్డు పక్కన తగిలించాడు. పాఠం చెప్పేది దాంతోనే. పాతదానికి ఉన్న పని వేరు.

దాని వెనక రెక్కల్లేని కిటికీ ఉంది. కిటికీకి అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో, మెయిన్ రోడ్డు మీది వైన్ షాపులో కూర్చుని తాగే పర్మిట్ రూము. బడి గేటు సందులో, షాపు గుమ్మం రోడ్డు మీద. రెండింటి వీపులూ ఆనుకున్నాయని బయటివాళ్లెవరికీ తెలియదు. కిటికీకి అట్టలు పెడితే వానకు నానాయి, పరదా కడితే ఎవరో లాగేశారు. మిగిలింది ఈ పటమొక్కటే.

ఆ మాట ఫోను ముందు చెప్పడమెలా? బడి వెనకే తాగుతున్నారని లోకానికి తెలిస్తే పైవాళ్లు కదిలించేది షాపును కాదు, బడిని. చాదర్‌ఘాట్ బడిలో కలిపేయాలని ఇప్పటికే ఫైలు నడుస్తోంది. కలిపితే ఆడపిల్లల్లో సగం మందికి చదువు ఈ ఏటితో సరి, ఏ ఇంట్లోనూ రోజూ బస్సెక్కించి అంత దూరం పంపరు. కిటికీకి రెక్కలు పెట్టించరు, గుడ్డ కప్పుకుంటే ఊరుకోరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే.

“ప్రహ్లాద్ గారూ, ఆ ఫోను ఒక్క నిమిషం ఆపండి. బయటికి రండి, చెప్తాను.”

“ఏమున్నా అందరి ముంగట చెప్పున్రి. గ్రూపంత చూస్తున్నరు.”

వెనక కిటికీ ఉందని, అవతల పిల్లలు చూడదగింది లేదని వంశీధర్ గొంతు తగ్గించి చెప్పాడు. ప్రహ్లాద్ నవ్వాడు. కిటికీ ఉంటే గాలొస్తుంది, వెలుతురొస్తుంది, దానికి రాష్ట్రాన్ని కప్పినవాణ్ణి ఎక్కడా చూడలేదన్నాడు.

“అసలు ముచ్చట నేను చెప్త. మీ తాతలు ఆంధ్రకెల్లి వచ్చిన్రు. మీ పాణమంత గా పాత మ్యాప్ మీదనే ఉంది.”

వంశీధర్‌కు చివుక్కుమంది. తాత వచ్చింది యాభై ఆరులో. తను పుట్టింది ఉస్మాన్‌గంజ్‌లో. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ మింగేశాడు. ఇప్పుడు వాదన పెరిగితే నష్టపోయేది తను కాదు.

అంతలో ప్రణవి లేచి నిలబడింది. రోజూ ఆ పటం కింది తాళ్లను కిటికీ చువ్వలకు బిగించి కట్టేది ఆ పిల్లే. ఎవరూ చెప్పలేదు. ఆ పని అయితే గానీ పుస్తకం తీయదు. క్లాసు లీడరు కదా, బాధ్యత తెలిసిన పిల్ల అనుకునేవాడు వంశీధర్.

“డాడీ, వద్దు. నువ్వు పో.”

ప్రహ్లాద్ ముఖం ఎర్రబడింది. తన బిడ్డకు కూడా నూరిపోశారని ఫోనుకు చెప్పాడు. బిడ్డ చదువు కోసమే పని మానుకుని వచ్చానని, లేకపోతే ఈపాటికి సంఘం ఆఫీసులో ఉండేవాణ్ణని, రోజూ మూడింటికల్లా అక్కడ జనం తన కోసం కాచుకుని ఉంటారని కూడా చెప్పాడు. చెబుతూనే బెంచీల మధ్యగా నడిచాడు.

వంశీధర్ పటానికి అడ్డంగా నిలబడ్డాడు.

“నా మీద ఫిర్యాదు రాయండి, నేనే సంతకం పెడతాను. సస్పెండ్ చేయించండి. దాన్ని మాత్రం ముట్టుకోకండి.”

ప్రహ్లాద్ ఆయన్ను భుజంతో పక్కకు నెట్టాడు. ప్రణవి పరుగున వచ్చి తాళ్లు పట్టుకుంది. ఏడుస్తోంది. క్లాసులో ఒక్క పిల్లా కదల్లేదు. ప్రహ్లాద్ కూతురి వేళ్లు విడిపించాడు, ఒక చేత్తో ఫోను ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో పటాన్ని ఒక్క గుంజు గుంజాడు. తాళ్లు తెగాయి. మేకులతో సహా ఊడి అతని కాళ్ల మీద పడింది.

దుమ్ము అణిగింది. చువ్వల్లోంచి వెలుతురు వచ్చింది, దాని వెంట వాసన వచ్చింది. అవతల ప్లాస్టిక్ కుర్చీలు, గ్లాసులు, నలుగురైదుగురు మనుషులు. మూల టేబుల్ తుడుస్తున్న ముసలి వెయిటరు చప్పుడుకు తలెత్తి ఇటు చూశాడు. అతని ముఖం విప్పారింది.

లైవు ఇంకా నడుస్తూనే ఉంది. ప్రణవి రెండు చేతులతో చెవులు మూసుకుంది. కళ్లు మూసుకోకుండా చెవులెందుకు మూసుకుందో వంశీధర్‌కు అర్థం కాలేదు.

“ఏంది ప్రహ్లాదన్నా, ఇయ్యాల గాడున్నవ్? మూడు దాటింది, నీ టేబుల్ ఎవ్వరికియ్యకుంట రోజు లెక్కనే ఆపి పెట్టిన.”